కాశీ విశ్వవిద్యాలయం పుట్టిన వారం

1916 ఫిబ్రవరి 4, శుక్రవారం. ఆ వారంలోనే వసంత పంచమి. మన బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసాలు చేయించే రోజే ఉత్తరాదిన సరస్వతీ పూజ. కాశీ ఊరికి దక్షిణాన, గంగకు దగ్గరలో, కాశీ మహారాజు ప్రభునారాయణ సింగ్ ఇచ్చిన నేలలో ఫిబ్రవరి 4న వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన చేశాడు. ఒక పక్క వేదమంత్రాలు, ఇంకో పక్క బ్రిటిష్ దర్బారు హంగు. సంస్థానాధీశులు తలపాగాల్లో రత్నాలు మెరుస్తుండగా వచ్చి కూర్చున్నారు. ఊళ్లో అడుగడుగునా పోలీసులు. దానికి కారణముంది. 1912 డిసెంబరు 23న ఢిల్లీలో ఏనుగు మీద ఊరేగుతున్నప్పుడు ఇదే హార్డింజ్ మీద బాంబు పడింది. ఆయన గాయాలతో బయటపడ్డాడు.

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు మన బడి చరిత్రే రాస్తానని సంపాదకవర్గం అనుకుని ఉంటుంది. ఆ పని నాకంటే బాగా చేయగల పెద్దలు ఉన్నారు. నేను ఎం.టెక్. కోసం రెండేళ్లు కాశీలో ఉన్నాను. ఆ విశ్వవిద్యాలయం పుట్టిన వారంలో జరిగిన సంగతులు అక్కడ ఉన్నప్పుడు కొంత, ఆ తరువాత కొంత చదివాను. ఉత్సవాలు చేసుకోబోతున్న ఏ విద్యాసంస్థ అయినా ఆ వారం గురించి ఒకసారి తెలుసుకుంటే మంచిదని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది.

ఆ విద్యాలయం ఒక్కరి కల కాదు. అనీ బిసెంట్ 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ స్థాపించింది. మన మదనపల్లెలో 1915లో వెలసిన కాలేజీ కూడా ఆవిడ చలవే. అలహాబాదులో వకీలు వృత్తి మానుకుని ఊరూరా చందాల కోసం తిరిగినవాడు పండిత మదనమోహన మాలవీయ. దర్భంగా మహారాజు రామేశ్వర సింగ్‌కు తన ఆలోచన తనకుంది. చివరికి ముగ్గురూ కలిశారు. 1915 అక్టోబరు 1న చట్టం వచ్చింది. బిసెంట్ కాలేజీయే కొత్త విశ్వవిద్యాలయానికి కేంద్రమయింది.

చందాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మాలవీయ నిజాం నవాబు దగ్గరికి చందాకు వెళ్తే ఆయన చెప్పు విసిరాడనీ, ఆ చెప్పును మాలవీయ బజారులో వేలం వేశాడనీ ఒక కథ మనవాళ్లందరికీ తెలుసు. అది చెప్పడానికి బాగుంటుంది. నేను మాత్రం నమ్మను. నాకు తెలిసింది ఏమిటంటే, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ విశ్వవిద్యాలయానికి లక్ష రూపాయలు విరాళమిచ్చాడు. ఆ ఆవరణలో ఇప్పటికీ హైదరాబాద్ కాలనీ అని ఒకటి ఉంది. నేను చాలాసార్లు దాని మీదుగా సైకిలు తొక్కుకుంటూ వెళ్లాను.

శంకుస్థాపన అయిన మర్నాడు వైస్రాయ్ లేడు. అసలు విశేషం అక్కడి నుంచే మొదలయింది. ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు మాలవీయ ఉపన్యాసాలు ఏర్పాటు చేశాడు. కట్టడాలు లేవు, తరగతి గదులు లేవు, పునాదిరాయి ఒక్కటే ఉంది. అయినా విశ్వవిద్యాలయమంటే మొదట గుర్తుకు రావలసింది గోడలు కాదని ఆయనకు తెలుసు. దేశంలో పేరున్న శాస్త్రవేత్తలను పిలిచాడు. అప్పటికి మొక్కలలో స్పందనల మీద పరిశోధనలతో ప్రపంచమంతా పేరు పొందిన జగదీశ్ చంద్ర బోస్ మాట్లాడాడు. అలహాబాదు దగ్గర వ్యవసాయ విద్యాలయం నడుపుతున్న అమెరికన్ మిషనరీ శామ్ హిగిన్‌బాటమ్ సేద్యం గురించి మాట్లాడాడు.

ఇంకొక వక్త గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆయన మన విశాఖపట్నంలో చదువుకున్నవాడు. వయసు 27. ఉద్యోగం కలకత్తాలో ప్రభుత్వ లెక్కల శాఖలో. ఆఫీసుకు ముందూ, ఆఫీసయ్యాకా ఒక సైన్సు సంఘం ప్రయోగశాలలో కూర్చుని ఫిడేలు తీగె కమాను కింద ఎలా కంపిస్తుందో కొలుస్తుండేవాడు. పేరు సి.వి.రామన్. ఆయన తండ్రి ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకుడు. రామన్ విశాఖలోనే సెంట్ అలోషియస్ బడిలో చదివి పదకొండో ఏట మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. నోబెల్ బహుమతి రావడానికి ఇంకా పద్నాలుగేళ్లుంది, ప్రొఫెసరు ఉద్యోగం రావడానికి కూడా ఇంకో ఏడాది ఉంది. అయినా మాలవీయ పిలిచాడు. రామన్ గణితం మీదా, భౌతికశాస్త్రంలో కొత్త దారుల మీదా మాట్లాడాడు. డిగ్రీల పట్టికా హోదా చూడకుండా లెక్కల శాఖ ఉద్యోగం నుంచి ఇంకా బయటపడని కుర్రవాణ్ణి అంత పెద్ద ఉత్సవానికి పిలవడం, నన్నడిగితే, ఆ వారంలో మాలవీయ చేసిన రెండు మంచి పనుల్లో ఒకటి.

రెండోది, గాంధీని పిలవడం.

గాంధీ దక్షిణాఫ్రికా నుంచి 1915 జనవరిలో తిరిగివచ్చాడు. ఒక ఏడాదిపాటు దేశం చూడు, మాట్లాడకు అని గోఖలే చెప్పాడు. ఆ మాట చెప్పిన గోఖలే అదే ఫిబ్రవరిలో కన్నుమూశాడు. గాంధీ ఏడాది పాటు మూడో తరగతి రైలుపెట్టెల్లో తిరిగాడు. ఆ గడువు తీరాక పెద్ద సభలో ఆయన నోరు విప్పింది ఫిబ్రవరి 6, ఆదివారం సాయంత్రం, కాశీలో. ముందు రోజు నాగరీ ప్రచారిణి సభలో మాట్లాడాడు. కాశీ విశ్వనాథుణ్ణి దర్శించుకున్నాడు. ఈ రెండు రోజుల ఉపన్యాసాలూ విన్నాడు.

సభకు దర్భంగా మహారాజు అధ్యక్షుడు. వేదిక మీద అనీ బిసెంట్, సంస్థానాధీశులు. ఎదురుగా విద్యార్థులు. గాంధీ ఆలస్యంగా వచ్చినందుకు క్షమించమన్నాడు. ఆ తరువాత ఆయన మొదలుపెట్టిన తీరు చూడండి. ఉపన్యాసాలు చాలయ్యాయి, చెవులకూ కళ్లకూ విందు జరిగితే సరిపోదు, గుండెకు తగలాలి, చేతులూ కాళ్లూ కదలాలి అన్నాడు. ఉపన్యాసాల వారోత్సవంలో నిలబడి అన్న మాట ఇది.

అక్కడితో ఆగలేదు. ఈ రెండు రోజుల ఉపన్యాసాలు విన్నవాళ్లకు తానే పరీక్షాధికారినై ప్రశ్నలిస్తే చాలామంది తప్పుతారన్నాడు. ఎందుకంటే ఆ మాటలు వాళ్ల గుండెను తాకలేదు. తాకకపోవడానికి కారణం అవి పరాయి భాషలో ఉండటం. ఈ పవిత్ర నగరంలో, ఈ కాలేజీ నీడలో, నా దేశస్థులతో నాది కాని భాషలో మాట్లాడవలసి రావడం నాకు సిగ్గుగా ఉందని ఆయన అన్నది కూడా ఇంగ్లీషులోనే. ముందటి డిసెంబరులో బొంబాయి కాంగ్రెసు మహాసభలో అంతకంటే పెద్ద జనసందోహాన్ని కదిలించినవి హిందుస్తానీ ప్రసంగాలు మాత్రమేనని గుర్తుచేశాడు. బొంబాయిలో, కాశీలో కాదు సుమా అని నొక్కి చెప్పాడు.

తరువాత బోసు, ప్రఫుల్ల చంద్ర రే పేర్లెత్తాడు. వాళ్ల పరిశోధనలు జనం సొత్తు కాలేకపోవడం మనకు సిగ్గుచేటు కాదా అని అడిగాడు. పూనాలోని కొందరు ప్రొఫెసర్లు తనతో చెప్పారంటూ ఒక లెక్క కూడా ఇచ్చాడు: ఇంగ్లీషు ద్వారా చదువుకోవడం వల్ల ప్రతి భారతీయ యువకుడూ కనీసం ఆరేళ్లు పోగొట్టుకుంటున్నాడు. దాన్ని దేశంలోని విద్యార్థుల సంఖ్యతో హెచ్చవేసుకోండి అన్నాడు. ఈ విశ్వవిద్యాలయమైనా తన విద్యార్థులకు వాళ్ల సొంత భాషల్లో చదువు చెబుతుందని ఆశపడ్డాడు.

ఇంతవరకూ అతిథులు ఇబ్బందిగా కదిలి ఉంటారేమో గానీ ఓర్చుకున్నారు. తరువాత మాట విశ్వనాథాలయం సందుల మురికి మీదికి, రైలుపెట్టెల్లో ఉమ్మి వేసే అలవాటు మీదికి పోయింది. అక్కడి నుంచి రెండు రోజుల కింద కళ్లు మిరుమిట్లు గొలిపిన ఆ రత్నాల మీదికి. ఆ నగలు వొలిచి ప్రజల పేర దాచితే తప్ప దేశానికి గతి లేదన్నాడు. ఏ పట్నంలో ఏ పెద్ద మేడ లేచినా ఇది రైతు డబ్బే కదా అనిపిస్తుందన్నాడు. ముందు రాత్రి హిగిన్‌బాటమ్ చెప్పిన మాటలనే పట్టుకుని, మనకు విముక్తి రైతు వల్లనే గానీ వకీళ్ల వల్లా, డాక్టర్ల వల్లా, పెద్ద జమీందార్ల వల్లా కాదన్నాడు. ఇంజనీర్లను ఆయన ఆ జాబితాలో చేర్చలేదు. అప్పటికి మేం లెక్కకు వచ్చేంతమంది లేమని అనుకుంటాను.

ఆ పిమ్మట పోలీసుల సంగతి. వైస్రాయ్ వస్తే ఊరంతా డిటెక్టివులెందుకు, ఇంత అపనమ్మకంతో బతకడం కంటే హార్డింజ్‌కు చావే నయం కాదా అని అడిగాడు. బెంగాలు విప్లవకారుల దేశభక్తిని మెచ్చుకుంటూనే, వాళ్ల బాంబులను తప్పుపట్టాడు. తానూ ఒక అరాచకవాదినే గానీ వేరే రకం వాడినన్నాడు. ఇక బిసెంట్ ఆగలేకపోయింది. ఆపమని అడ్డుపడింది. గాంధీ అధ్యక్షుడివైపు తిరిగి, మీరు చెబితే ఆపేస్తానన్నాడు. విద్యార్థులు చెప్పండి చెప్పండి అని అరిచారు. మీ ఉద్దేశమేమిటో వివరించండని మహారాజు అన్నాడు. గాంధీ కొనసాగించాడు. వేదిక మీది పెద్దలు ఒక్కొక్కరే లేచారు. చివరికి అధ్యక్షుడే వెళ్లిపోయాడు. ఆ ప్రసంగం పూర్తి కాలేదు.

బిసెంట్ మీద నాకు కోపం లేదు. పోలీసు విలేఖరులు రాసుకుంటుండగా ఆ మాటలను వేరే అర్థంలో తీసుకుంటారని భయపడ్డానని ఆవిడ తరువాత చెప్పుకుంది. ఇరవై ఏళ్లుగా ఇటుక ఇటుక పేర్చుకుంటూ వచ్చిన మనిషికి, సర్కారు కన్నెర్ర చేస్తే ఏమవుతుందో గాంధీ కంటే బాగా తెలుసు. మాలవీయకూ అదే భయం ఉండి ఉండాలి, ఎందుకంటే డబ్బిచ్చేది ఆ రాజులే. మరి వాళ్ల ముఖం మీద వాళ్ల నగల గురించి అలా అనడం మర్యాదేనా? అప్పట్లో చాలామంది కాదనే అన్నారు. నా ఉద్దేశం ఒకటే. హార్డింజ్ ఏమన్నాడో ఈ రోజు ఎవరికీ గుర్తు లేదు. సగంలో ఆగిపోయిన ఆ ప్రసంగం గురించి మాత్రం వందేళ్లు దాటాక కూడా చెప్పుకుంటున్నాం.

దాని ఫలితం మన గడపదాకా వచ్చింది. ఆ మార్చి నెలాఖరులో ఇంటర్మీడియట్ పరీక్షలకని బొంబాయి రైలెక్కిన ఒక మరాఠీ కుర్రాడు మధ్యలో దిగి కాశీ వెళ్లిపోయాడు. అక్కడ సంస్కృతం చదువుకుంటుండగా ఊళ్లో ఇంకా ఆ ప్రసంగం గురించే మాట్లాడుకుంటున్నారు. పత్రికలో చదివాడు, గాంధీకి ఉత్తరం రాశాడు, జూన్ 7న అహమ్మదాబాదు దగ్గర కోచరబ్ ఆశ్రమానికి చేరాడు. ఆయన వినోబా భావే. ముప్ఫై అయిదేళ్ల తరువాత, 1951 ఏప్రిల్ 18న, నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమి లేని హరిజనులు ఆయన ముందు కూర్చుని నేల అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అలా మొదలయింది.

ఇక భాష సంగతి. నాకు అసలు ఈ వ్యాసం రాయాలనిపించింది దీనికోసమే.

గాంధీ ఆశ కాశీలో తీరలేదు. 1919లో అక్కడ ఇంజనీరింగు కాలేజీ మొదలైంది. పాఠాలు ఇంగ్లీషులోనే. ఆ కాలేజీకి దక్షిణాది నుంచి కుర్రాళ్లు రైళ్లెక్కి వెళ్లారు. మన విద్యుత్ బోర్డును చాలాకాలం నడిపిన నార్ల తాతారావు అక్కడ చదువుకున్నవారే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. కాశీలో పాఠం హిందీలో చెప్పి ఉంటే తాతారావుకు గానీ, నాకు గానీ అది మాతృభాష ఎలా అవుతుంది? ఈ చిక్కును గాంధీ ఆ సాయంత్రం విప్పలేదు.

విప్పడానికి ప్రయత్నించింది హైదరాబాదు. ఆ ప్రసంగం జరిగిన రెండేళ్లకే, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. బోధన ఉర్దూలో. దానికోసం ప్రత్యేకంగా అనువాదాల శాఖ పెట్టి సైన్సు, వైద్యం, ఇంజనీరింగు పుస్తకాలను ఉర్దూలోకి దింపారు. దేశభాషలో పై చదువులు సాధ్యమా అనే వాదానికి అంతకంటే పెద్ద జవాబు ఇంకెక్కడా లేదు. కానీ అదే హైదరాబాదు రాజ్యంలో వరంగల్లులోనో, నల్లగొండలోనో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి ఉర్దూ కూడా ఎదురుగుండా నిలబడ్డ గోడే. 1948 తరువాత అక్కడా ఇంగ్లీషు వచ్చింది.

తెలుగుకు ఆ అవకాశం 1968లో తెలుగు అకాడమీ పుట్టాక గానీ రాలేదు. నా తరం వాళ్లు ఇంటర్మీడియట్‌లో ఆ పుస్తకాలు చదివారు. ఘర్షణ గుణకం, జడత్వ భ్రామకం, అభికేంద్ర బలం. ఇప్పటికీ నాకు ఒక బరువైన చక్రం తిరగడం మొదలవడానికి ఎందుకు మొరాయిస్తుందో తెలుగులోనే తోస్తుంది. ఇంజనీరింగు మొదటి ఏడు తరగతిలో ప్రొఫెసరు గారు మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అన్నప్పుడు అది నాకు తెలిసిన జడత్వ భ్రామకమేనని గ్రహించడానికి రెండు వారాలు పట్టింది. నా గదిలో ఉన్న మిత్రుడు కాన్వెంటులో చదివినవాడు. అతనికి ఆ మాట నోటికి వచ్చు, సంగతి తెలియదు. రాత్రిళ్లు నేను తెలుగులో విప్పి చెప్పేవాణ్ణి. పరీక్షలో అతనికి నాకంటే పద్నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఇద్దరం ఇప్పటికీ నవ్వుకుంటాం.

కాబట్టి పూనా ప్రొఫెసర్ల ఆరేళ్ల లెక్క నా విషయంలో సరిపోలేదు. నాకు పోయింది ఒక్క ఏడాది. అయితే నాతో బడిలో కూర్చున్నవాళ్లలో ఆ ఏడాది దాటలేక ఆగిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఇద్దరు నాకంటే లెక్కలు బాగా చేసేవారు. వాళ్లకు పోయింది ఆరేళ్లు కాదు, మొత్తం. మరోవైపు, ఇంగ్లీషు లేకపోతే నేను కాశీలో పంజాబీ, బెంగాలీ, మలయాళీ మిత్రులతో కలిసి ఒక్క పటం కూడా గీసి ఉండేవాణ్ణి కాదు. విశాఖ బడిలోంచి రామన్ కలకత్తా చేరడమూ ఆ భాష పట్టుకునే. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టుకోకుండా ఎవరైనా మాధ్యమం గురించి గొంతు చించుకుంటే నాకు చిరాకు. మన బడిలో ఇప్పుడు పాఠాలు ఇంగ్లీషులోనే అని మీకు తెలుసు. అలా మారాలని గట్టిగా అడిగింది మన ఊరి తల్లిదండ్రులే. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఆ పద్నాలుగు మార్కుల సంగతి వాళ్లకు తెలుసు.

గాంధీ ఇరవై ఆరేళ్ల తరువాత కాశీకి మళ్లీ వచ్చాడు. 1942 జనవరి 21, విశ్వవిద్యాలయం రజతోత్సవం. మాలవీయకు ఎనభై దాటాయి. వైస్ చాన్సలరు మన సర్వేపల్లి రాధాకృష్ణన్. అంతకుముందు ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం నడిపి వచ్చాడు. ఈసారి గాంధీ హిందుస్తానీలో మాట్లాడాడు, ఈసారి ఎవరూ లేచిపోలేదు. ఆయన మాత్రం మారలేదు. వక్తలందరూ ఇంగ్లీషులోనే మాట్లాడారని మందలించాడు. వస్తూ సింహద్వారం మీది పేరు చూశానన్నాడు. అందులో ఇంగ్లీషు అక్షరాలు చాలా చోటు తీసుకున్నాయి, హిందీ అక్షరాలకు కొంచెమే మిగిలింది.

విశ్వవిద్యాలయం సంగీతానికీ చోటు ఇచ్చింది. పలుస్కర్ శిష్యుడు ఓంకార్‌నాథ్ ఠాకూర్ 1950లో అక్కడ సంగీత కళాశాలకు మొదటి అధిపతి అయ్యాడు. విశ్వవిద్యాలయ గీతం రాసింది శాంతిస్వరూప్ భట్నాగర్. ఆయన రసాయనశాస్త్ర ఆచార్యుడు. అది హిందీలో ఉంటుంది. తెలుగువాళ్లం, తమిళులం, బెంగాలీలం స్నాతకోత్సవంలో నిలబడి పాడాం. సగంమందికి అర్థం తెలియకపోయినా ఎవరి గొంతూ తగ్గలేదు.

మన స్వర్ణోత్సవాల కార్యక్రమపత్రం కూడా నా ముందుంది. మొదటి రోజు ఉదయం పూజ, సాయంత్రాలు సంగీతం, మధ్యలో నాలుగు ఉపన్యాసాలు. ఉపన్యాసకుల్లో ఇద్దరు అమెరికా నుంచి వస్తున్న మన పూర్వ విద్యార్థులు. వాళ్లకు నేను ఉత్తరం రాశాను, తెలుగులో మాట్లాడమని. ఒకరు వెంటనే ఒప్పుకున్నారు. ఇంకొకరు, సాంకేతిక పదాలకు ఏం చేయమంటావు అన్నయ్యా అని అడిగారు. నా దగ్గరున్న పాత అకాడమీ పుస్తకం పేజీల ఫొటోలు తీసి పంపాను. ఉపన్యాసాలయ్యాక పదో తరగతి పిల్లలకు చిన్న పరీక్ష పెడదామని, ప్రశ్నపత్రం నేనే తయారుచేస్తానని కమిటీకి చెప్పాను. పిల్లలు ఏ భాషలో రాసినా సరే. మార్కులు మాత్రం పిల్లలకు కాదు, వక్తలకు వేస్తాం. మొదటి ఉపన్యాసం నాదే, వంతెనల మీద, శనివారం పది గంటలకు.